పల్లె బడిలో పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు, ఏం చేస్తే నిలుస్తారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వెదురుకుప్పం మండలంలో మీది చిన్న పల్లె. మీరు చదువుకున్న రోజుల్లో ప్రాథమిక పాఠశాలలో 58 మంది ఉండేవాళ్లు, ఈ ఏడు 14 మంది మిగిలారు. టీచరు ఒక్కరే. పొద్దున్నే మూడు ప్రైవేటు వ్యాన్లు ఊళ్లోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. మీ పిల్లలు వెళ్లాల్సిన హైస్కూల్లో పదో తరగతి ఫలితం ఒక్క ఏడాదిలో 94 శాతం నుంచి 78కి పడింది. బడి బాగాలేకే పిల్లలు పోతున్నారా, పిల్లలు పోబట్టే బడి ఇలా అయిందా, కొత్తగా తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ అయిన మీరు ఏం చెయ్యాలి, బడి మూసేస్తారా?

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 34 ఏళ్లు పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. అందులో సగం కాలం ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే గడిచింది. మీరు వర్ణించిన బడి నాకు బాగా తెలుసు.

ముందు ఆ 94, 78 సంగతి తేల్చుకుందాం. మీరు రాసినదాన్ని బట్టి అక్కడ పదో తరగతి రాసింది 18 మంది. 17 మంది పాసైతే 94 శాతం. 14 మంది పాసైతే 78. అంటే రెండేళ్లకూ తేడా ముగ్గురు పిల్లలు. ఆ ముగ్గురిలో ఒకరికి పరీక్షల ముందు పచ్చకామెర్లు వచ్చి ఉండొచ్చు, ఒకరు తొమ్మిదో తరగతి సగం నుంచే బేల్దారి పనికి పోతూ ఉండొచ్చు. ఇంత చిన్న బడికి శాతాలు చూసి ఎక్కిందనీ పడిందనీ అనుకోవడం తప్పు. వచ్చే ఏడు ముగ్గురు గట్టెక్కితే మళ్లీ 94 అవుతుంది, అప్పుడూ బడి మారినట్టు కాదు. మీరు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి తప్పిన నలుగురి పేర్లు అడగండి. ఏ పేపరు పోయింది, ఏడాదిలో ఎన్ని రోజులు బడికొచ్చారు, అయిదో తరగతి ఎక్కడ చదివారు. నేను అలా వెనక్కి తవ్విన ప్రతిసారీ దారి మూడో తరగతి దగ్గరే తేలింది. మూడో తరగతిలో కూడబలుక్కుని చదివిన పిల్లవాడే పదో తరగతి లెక్కల పేపర్లో ప్రశ్న అర్థంకాక కూర్చుంటాడు.

పట్నం స్కూళ్లతో పోల్చేటప్పుడు ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. తొమ్మిదో తరగతిలో వెనకబడిన పిల్లలకి టీసీ ఇచ్చి పంపేసిన ప్రైవేటు స్కూలు ఒకటి నాకు తెలుసు. ఆ పిల్లలు వచ్చి చేరింది మా హైస్కూల్లో. వాళ్లు తప్పితే మా శాతం తగ్గింది, అక్కడ నూటికి నూరని బ్యానరు కట్టారు.

బడి బాగుందో లేదో తెలుసుకోవడానికి శాతం కంటే నమ్మకమైన పద్ధతి ఉంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లెల్లో పిల్లలు ఎంతవరకు చదవగలరో చూడటానికి 2005 నుంచి అసర్ అనే సర్వే చేస్తోంది, వాళ్ల పద్ధతి చాలా తేలిక. ఒక కాగితం మీద అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడిదాకా చదవగలిగితే అక్కడ గుర్తు పెడతారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. అసర్ 2024 లెక్కలో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగింది 23.4 శాతం. 2018లో 20.9 ఉండి, కరోనా తర్వాత 2022లో 16.3కి పడి మళ్లీ లేచింది. లేచిన తర్వాత కూడా నలుగురిలో ఒకరు కూడా లేరు. ఇది మీ ఊరి టీచరు ఒక్కరి తప్పు కాదు. అలాగని వదిలేసే సంగతీ కాదు.

వ్యాను ఎక్కిన పిల్లల సంగతి కూడా చూడండి. నేను రిటైరయ్యే ముందు ఏడు నాలుగో తరగతి పాపని ఒకదాన్ని వాళ్లమ్మ మా బడికి తీసుకొచ్చింది. ఎల్కేజీ నుంచీ ప్రైవేటే, ఫీజు కట్టలేక మాన్పించింది. పాప మెడలో టై ఇంకా ఉంది. చదవమ్మా అంటే ఇంగ్లీషు పాఠం గడగడా చదివేసింది. వాళ్లమ్మ కళ్లలో మెరుపు. నేను పుస్తకం తిప్పి ఇంకో పేజీ పెట్టాను. పాప ఆ పేజీ మీద వేలు పెట్టి, అంతకుముందు చదివిన పాఠాన్నే మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. వేలు బొమ్మ మీదికి వచ్చింది, నోరు ఆగలేదు. ఆ తల్లికి చదువు రాదు. ఆమె మొహం చూసి ఆ పూట నేనేమీ అనలేకపోయాను. ఆ పాపకి తెలుగు అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టాం. తొమ్మిది నెలలకి కథ చదివింది.

అదే రోజు మా బడి పిల్లలకి 52లోంచి 37 తీసెయ్యమని పలకల మీద ఇచ్చాను. నాలుగో తరగతి అయిదుగురిలో ముగ్గురు 25 అని రాశారు. ఏడులోంచి రెండు, అయిదులోంచి మూడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీశారు, అప్పు తెచ్చుకోవడం రాలేదు. మా బడి పిల్లలే, నేను హెడ్మాస్టరుగా ఉన్న బడి పిల్లలే. కాబట్టి ప్రభుత్వ బడి మంచిది, ప్రైవేటు చెడ్డది అని నేను చెప్పను. రెండు చోట్లా ఒక్కో పిల్లనీ పేరు పెట్టి చూసేవాళ్లు లేకపోతే గతి ఒకటే.

ఇక పిల్లలు ఎందుకు తగ్గారు. మొదటి కారణం, అసలు పిల్లలే తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. మీరు చదివినప్పుడు ఇంటికి ముగ్గురు, నలుగురు బడికి వచ్చేవాళ్లు, ఇప్పుడు ఒకరో ఇద్దరో. దానికి తోడు తిరుపతికి, శ్రీసిటీకి, బెంగళూరుకి సంసారాలతో సహా పోయినవాళ్లు. 58 మంది మళ్లీ వస్తారని ఎవరైనా ఆశ పెడితే నమ్మొద్దు. మీ ఊళ్లో బడి ఈడు పిల్లలు మొత్తం ఎందరున్నారో, అందులో ఎందరు మీ బడికి వస్తున్నారో, చూడాల్సింది ఆ లెక్క.

రెండో కారణాన్నే ఎవరూ పట్టించుకోరు. పిల్లలు మన బడిని వదిలి పోవడం లేదు, అసలు మన బడికి రావడమే లేదు. ప్రైవేటు వ్యాను మూడేళ్లు నిండిన పిల్లని ఎల్కేజీకి ఎక్కించుకుంటుంది. మన బడి అయిదేళ్లు నిండాకే ఒకటో తరగతిలో చేర్చుకుంటుంది. జూన్‌లో 'బడి పిలుస్తోంది' అని ర్యాలీ తీసి, గడప గడపకీ తిరిగి మనం పిలిచే పిల్లకి అప్పటికే రెండేళ్లుగా వేరే బడి ఉంది, స్నేహితులున్నారు, వ్యాను డ్రైవరు మామ ఉన్నాడు. మన పోటీ ఒకటో తరగతి దగ్గర కాదు, అంగన్‌వాడీ దగ్గర. మీ ఊరి అంగన్‌వాడీ టీచరు బాగా పనిచేస్తే, ఆ గది బడి ఆవరణలోనే ఉంటే, అక్కడి పిల్లలు నడుచుకుంటూ వచ్చి పక్క గదిలో ఒకటో తరగతిలో కూర్చుంటారు. అంగన్‌వాడీ ఊరికి ఆ చివర, తడిక పక్కన, గుడ్డు ఇచ్చి పంపేసే చోటుగా మిగిలితే మీరు ఎన్ని ర్యాలీలు తీసినా లాభం లేదు.

మూడోది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక మే నెలలో నోటుపుస్తకం పట్టుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. ఒకామె ఇంటి ముందు కల్లాపి చల్లుతోంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వ్యాను పిల్లలే. మా బడిలో ఏం లోటు కనబడిందమ్మా అని అడిగితే, "బడికేం సార్, బాగానే ఉంది. నేను ఏడున్నరకి మామిడికాయల ఫ్యాక్టరీకి పోవాల. వ్యాను ఏడుంబావుకి వస్తుంది, సాయంత్రం అయిదుకి దించుతుంది. మీ బడి తొమ్మిదికి తీస్తారు. ఆ గంటన్నర వీళ్లని ఎవరి దగ్గర వదిలేది?" అంది. నేను పాతికేళ్లుగా ఇంగ్లీషు మీడియం గురించి, బెంచీల గురించి, మరుగుదొడ్ల గురించి సమావేశాల్లో మాట్లాడుతూ వచ్చాను. ఆమె కొనుక్కుంటున్నది చదువు కాదు, ఆ వేళ. మన జిల్లాలో తోతాపురి కోత, గుజ్జు ఫ్యాక్టరీల పని ఎక్కువగా సాగేది సరిగ్గా జూన్, జూలైల్లో, బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. పిల్లల్ని చేర్చే రోజులూ తల్లులకి తీరిక లేని రోజులూ ఒకటే.

ప్రభుత్వ బడుల్లో వసతులు బాగుచేసే నాడు-నేడు పనులు 2019 నవంబరులో మొదలై, తొలి విడతలోనే 15,715 బడులు బాగయ్యాయి. నీళ్లు, రంగులు, బల్లలు వచ్చాయి. అది అవసరమే, ఆడపిల్లలకి మరుగుదొడ్డి ఉండటం చిన్న విషయం కాదు. ఇంగ్లీషు కావాలన్నవాళ్లకి 2020 నుంచి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. అయినా వ్యాన్లు ఆగలేదంటే కారణం ఆ తల్లి చెప్పిన వేళే. డబ్బు సాయం కూడా బడిని బట్టి లేదు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఏటా డబ్బిచ్చే అమ్మ ఒడి పథకం 2020 జనవరిలో మన చిత్తూరులోనే మొదలైంది, ఇప్పుడున్నది తల్లికి వందనం. రెండూ ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒకేలా వర్తించాయి. 15,000లో బడి నిర్వహణకి 2,000 పోను తల్లి ఖాతాలో పడే 13,000 చాలా ఇళ్లలో నేరుగా ఫీజుకే పోతోంది. తల్లుల్ని తప్పుపట్టడానికి లేదు. కూలిపని చేసుకునే మనిషి తన బిడ్డ కోసం అంత డబ్బు పక్కన పెడుతోంది, ఆ ఆరాటాన్ని గౌరవించాలి.

నాలుగోది, ఒక్కరే టీచరు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. హేతుబద్ధీకరణ పేరుతో పిల్లలు తగ్గినచోట ఒకరిని తీసేస్తారు. ఆ ఒక్కరూ అయిదు తరగతులూ చెప్పాలి, వంట చూడాలి, గుడ్ల లెక్క రాయాలి, యాప్‌లో ఫొటోలు ఎక్కించాలి, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకి పోవాలి. ఆయన సెలవు పెట్టిన రోజు బడికి తాళం. రెండుసార్లు తాళం చూసిన తల్లి మూడోసారి వ్యానుకి అడ్వాన్సు కడుతుంది. మీరు అడిగిన 'ఏది ముందు' అన్న ప్రశ్నకి నా జవాబు ఇదే. మొదట పిల్లలు తగ్గారు, బడి తప్పు లేకుండానే. తగ్గినందువల్ల టీచరు పోయారు. టీచరు పోయాక మిగిలిన పిల్లలు పోవడానికి నిజంగానే కారణం దొరికింది.

ఒక టీచరుతో అయిదు తరగతులు నడవవా అంటే నడుస్తాయి, పద్ధతి వేరే ఉండాలి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి ఒంటి గది బడులే నడిపారు. తరగతి అని విడదీయరు. గోడ మీద నిచ్చెనలాంటి చార్టు ఉంటుంది. పిల్ల వచ్చి తను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, ఆ మెట్టు బొమ్మ వేసి ఉన్న కార్డు తీసుకుని చాప మీద కూర్చుంటుంది. ఒక గుంపు టీచరు దగ్గర, ఒక గుంపు తోటి పిల్లలతో, కొందరు సొంతంగా. నాలుగు రోజులు జ్వరమొచ్చి మానేసినా, ధర్మరాజుల తిరునాళ్లలో రాత్రంతా భారతం ఆట చూసి రెండు రోజులు పడుకున్నా, వదిలిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వం దీన్ని చూసే తన బడుల్లో పిల్లలు పనులు చేస్తూ నేర్చుకునే కార్యాచరణ పద్ధతి తెచ్చింది. మన జిల్లాలో పుట్టింది, మనకంటే పక్కవాళ్లే ముందు పెద్ద ఎత్తున వాడుకున్నారు, నాకు ఇప్పటికీ బాధ. మీ టీచరుకి ఆసక్తి ఉంటే ఆ కార్డులు చూసొచ్చే ఏర్పాటు మీ కమిటీ చెయ్యొచ్చు. దానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

మీరేం చెయ్యాలంటే, మొదట ఆ నోటుపుస్తకం. అంగన్‌వాడీ టీచరుని వెంటబెట్టుకుని వెళ్లండి, పుట్టిన పిల్లల వివరాలు ఆమె దగ్గర ఉంటాయి. సున్నా నుంచి పదేళ్ల వరకు ప్రతి బిడ్డ పేరు, పుట్టిన నెల, ఎక్కడ చదువుతోంది, తల్లి పొద్దున ఎన్నింటికి పనికి పోతుంది. ఈ చివరి గడి తప్పకుండా పెట్టండి. ఊరి బయట ఎస్టీ కాలనీని, ఇటుకబట్టీలకి పోయి వచ్చే కుటుంబాల్ని వదలొద్దు. నేను తిరిగిన ఊళ్లో యానాదుల ఇళ్లలో అయిదుగురు పిల్లలు ఏ బడి రిజిస్టర్లోనూ లేరు. పుట్టిన తేదీ కాగితం లేదని ఎవరో వెనక్కి పంపారట. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడానికి చట్టం ఒప్పుకోదు, విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్లో స్పష్టంగా ఉంది. వ్యాను పిల్లల కోసం పాకులాడే ముందు ఈ పిల్లలు రావాలి. బడి ఉన్నదే వాళ్ల కోసం.

తర్వాత ఆ వేళ సంగతి. మేం చేసింది చెప్తాను. ఊళ్లో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిని ఒకామెని ఒప్పించాం. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం బడి వదిలాక అయిదున్నర వరకు బడి వరండాలో పిల్లల్ని చూసుకునేది, చదివించేది. తల్లులు నెలకి తలా 150 రూపాయలు, బెంగళూరులో స్థిరపడిన ఊరివాళ్లు మిగతాది వేసుకున్నారు. ఎంఈవోకి, అంటే మండల విద్యాధికారికి ముందే చెప్పి, కమిటీ తీర్మానం రాసుకున్నాం. మొదటి ఏడు 11 మంది ఉన్న బడి రెండో ఏటికి 19 అయింది. మూడో ఏడు ఆ అమ్మాయికి పెళ్లై వెళ్లిపోయింది, మళ్లీ మనిషి దొరికేసరికి ఇద్దరు ముగ్గురు పోయారు. కాబట్టి ముందునుంచే ఇద్దరిని పెట్టుకోండి, ఒకరికి వీలు కాకపోతే ఇంకొకరు.

తల్లిదండ్రులకి చెప్పడానికి మీ దగ్గర గట్టి మాటలు కొన్ని ఉన్నాయి, చాలామందికి తెలియవు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000. ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడిలో చదివిన పిల్లలకి 4 శాతం కలుపుతారు. అంచు మీద ఉన్న పిల్లకి ఆ నాలుగు చాలు. ఇవి పదో తరగతిలో కాదు, ఒకటో తరగతిలో చేర్చేటప్పుడే తల్లికి తెలియాలి.

బడి మూసేస్తారేమోనన్న భయం గురించి. 2022లో జీవో 117 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకి పంపారు. పల్లెలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. అన్న హైస్కూలుకి పోయి, చెల్లెలు ఒక్కతే ఊళ్లో ఉండాల్సి వచ్చేసరికి ఇద్దర్నీ కలిపి వ్యాను ఎక్కించిన ఇళ్లు నేను చూశాను. 2025లో ఆ జీవో తీసేశారు. ఇప్పుడు పిల్లలున్నచోట తరగతికొక టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. కిలోమీటరు లోపల అలాంటి మోడల్ స్కూలు ఉండి, దారిలో హైవే గానీ వానాకాలం పొంగే వంక గానీ లేకపోతే, 14 మంది ఒక టీచరుతో ఉండేకన్నా అక్కడికి పోవడమే పిల్లలకి మేలు. గోడల కోసం పట్టుబట్టొద్దు. మధ్యలో వంకో హైవేనో ఉంటే మాత్రం వదలొద్దు. కిలోమీటరు లోపల ప్రాథమిక బడి ఉండాలన్నది చట్టం ఇచ్చిన హక్కు. కమిటీ తీర్మానం, పిల్లల పేర్లతో ఉన్న మీ నోటుపుస్తకం పట్టుకుని ఎంఈవో దగ్గరికి వెళ్లండి. వినతిపత్రాలు వాళ్లకి రోజూ వస్తాయి. పేరుపేరునా రాసిన జాబితా తెచ్చేవాళ్లు అరుదు, దాన్ని పక్కన పెట్టడం కష్టం.

టీచరుని మాత్రం మీ పక్కన పెట్టుకుని చెయ్యండి, ఎదురు నిలబెట్టి కాదు. చైర్మన్ అయ్యాక మొదటి వారంలోనే హాజరు పట్టీ తనిఖీ చేసిన ఒకాయన వల్ల మంచి టీచరు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె ఒంటి చేత్తో 16 మందికి చదవడం నేర్పిన మనిషి.

ఈ ఆదివారం మీ 14 మందినీ బడి అరుగు మీద ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని, పుస్తకంలో వాళ్లు ఇంతవరకు చదవని ఒక చిన్న కథ ఇచ్చి చదివించండి. పేరు, తరగతి, ఎక్కడ ఆగారో రాసి ఇక్కడ పెట్టండి, పేర్ల బదులు అంకెలు వేసినా చాలు. ఎవరిని ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో కూర్చుని చెప్తాను.